కింది మెట్టు ఎంచుకున్న మనిషి: అసిసి ఫ్రాన్సిస్

ఈ వారం వీడియోలో గీత 13వ అధ్యాయం చెప్పుకున్నాం కదా. జ్ఞానం అంటే ఏమిటో చెబుతూ కృష్ణ పరమాత్మ 20 లక్షణాలు వరసగా చెప్తాడు. అందులో మొట్టమొదటిది అమానిత్వం. నలుగురూ నన్ను గౌరవించాలి, నన్ను గుర్తించాలి అనే ఆశ లేకపోవడం అన్నమాట. వీడియోలో టైమ్ సరిపోక ఉదాహరణలు చెప్పలేదు. ఇక్కడ ఒకే ఒక్క ఉదాహరణ చెబుతాను, కాకపోతే అది మన సంప్రదాయంలోంచి కాదు. ఇటలీలో 800 ఏళ్ళ కిందట బతికిన ఒక క్రైస్తవ సాధువు, అసిసి ఫ్రాన్సిస్.

పేరు మీకు కొత్తేం కాదు. మన ఫ్రెండ్స్‌లో ఎంతోమంది వెళ్ళి సెటిలైన బే ఏరియాలో శాన్ ఫ్రాన్సిస్కో ఉందే, అది ఈయన పేరే. ఈయన సంప్రదాయానికి చెందిన స్పానిష్ సాధువులు 1776లో అక్కడ కట్టిన మిషన్ ఈయన పేరు మీదే ఉంది. అద్దెలు వింటేనే గుండె ఆగే ఊరికి, చేత్తో నాణెం కూడా ముట్టుకోని మనిషి పేరు! డిసెంబర్ వస్తే మన ఊళ్ళలో చర్చిల ముందు పశువుల పాక, గడ్డి, అందులో పసిబిడ్డ బొమ్మ పెడతారు చూడండి, ఆ ఆచారానికి కూడా మూలపురుషుడిగా ఈయన్నే చెప్పుకుంటారు.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, వినయం మీద వీడియో పెట్టిన ప్రతిసారీ నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. మెతకగా ఉంటే తొక్కేస్తారు కదా? అప్రైజల్ టైమ్‌లో నోరున్నవాడిదే రాజ్యం కదా? ఇందులో నిజం లేకపోలేదు. సాధారణంగా ప్రవచనాల్లో దీనికి వచ్చే జవాబు, వినయంగా ఉండు, చివరికి నువ్వే గెలుస్తావు అని. ఫ్రాన్సిస్ కథ అలా సాగదు. ఆయన వినయంగానే ఉన్నారు, ఆయన్ని పక్కకి నెట్టేశారు కూడా. అదీ ఆయన చేతుల మీదుగా పుట్టిన సంఘమే. ఆ తర్వాత ఆయన ఏం చేశారన్నదే నాకు ఆసక్తి.

మొదటి నుంచీ చెప్తాను.

1181 చివర్లోనో 1182 మొదట్లోనో, మధ్య ఇటలీలో కొండవాలు మీద ఉన్న అసిసి పట్నంలో పుట్టాడు. తండ్రి పియెత్రో దీ బెర్నార్దోనే పెద్ద బట్టల వ్యాపారి, తల్లి పేరు పీకా. చర్చిలో పెట్టిన పేరు జొవాన్నీ. వ్యాపారం మీద ఫ్రాన్స్ వెళ్ళిన తండ్రి తిరిగొచ్చి ఫ్రాంచెస్కో అని పిలవడం మొదలుపెట్టాడు. కుర్రాడు దర్జాగా పెరిగాడు. స్నేహితులు, పాటలు, విందులు, ఖరీదైన బట్టలు. డబ్బు మంచినీళ్ళలా ఖర్చుపెట్టేవాడు. కోరిక మాత్రం ఒకటే, గుర్రమెక్కి యుద్ధం చేసి వీరుడనిపించుకోవాలని. వ్యాపారి కొడుక్కి ప్రభువుల సరసన కూర్చోవడానికి అదొక్కటే దారి.

1202లో పక్క ఊరు పెరూజియాతో యుద్ధం వచ్చింది. వెళ్ళాడు, ఓడిపోయారు, దాదాపు ఏడాది జైల్లో ఉన్నాడు. జబ్బుపడి ఇంటికొచ్చాడు. 1205లో మళ్ళీ కొత్త కవచం, కొత్త గుర్రంతో దక్షిణానికి యుద్ధానికి బయల్దేరి, ఒక్క రోజు ప్రయాణం కూడా దాటకుండా స్పొలేటో అనే ఊర్లో ఆగిపోయాడు. అక్కడ కలలో ఒక స్వరం, యజమానిని వదిలి సేవకుడి వెంట ఎందుకు పరుగెడుతున్నావని తనని అడిగిందని చెప్తారు. మర్నాడు వెనక్కి తిరిగాడు. వీరుడై వస్తాడనుకున్న కొడుకు అలా ఊరికే వచ్చేస్తే ఊళ్ళో ఎన్ని అనుకుని ఉంటారో!

కానీ అసలు మలుపు కలలో రాలేదు. ఆ రోజుల్లో కుష్ఠు వ్యాధి వచ్చినవాళ్ళని ఊరి బయటే ఉంచేవాళ్ళు. ఫ్రాన్సిస్‌కి వాళ్ళంటే మహా అసహ్యం, దూరం నుంచి కనబడినా ముక్కు మూసుకునేవాడు. ఒకరోజు గుర్రం మీద వెళ్తుంటే ఒక రోగి ఎదురయ్యాడు. దిగాడు, చేతిలో డబ్బు పెట్టాడు, ఆ చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. తర్వాత వాళ్ళ మధ్యే ఉండి పుండ్లు కడిగాడు. చనిపోయే ముందు రాయించిన వీలునామాలో తన జీవితాన్ని ఆయన మొదలుపెట్టింది ఈ రోగులతోనే. అప్పటిదాకా చేదుగా ఉన్నది అక్కడే తీపిగా మారిందని అర్థం వచ్చేలా రాయించాడు.

ఇంట్లో గొడవ ఈ సమయంలోనే ముదిరింది. ఊరి బయట సాన్ దమియానో అనే పాడుబడ్డ చిన్న చర్చి ఉంది. అక్కడ శిలువ ముందు ప్రార్థిస్తుంటే, కూలిపోతున్న నా ఇంటిని బాగుచెయ్యమని వినిపించిందట. మనవాడు దాన్ని ఉన్నదున్నట్టు అర్థం చేసుకున్నాడు. తండ్రి కొట్లోంచి బట్ట తానులు గుర్రం మీద వేసుకెళ్ళి ఫొలిన్యో సంతలో అమ్మేశాడు, గుర్రంతో సహా. ఆ డబ్బు తెచ్చి చర్చి పూజారికిస్తే ఆయన భయపడి తీసుకోలేదు. కిటికీలో పడేసి వచ్చాడు.

ఇక్కడ నేను కొంచెం తండ్రి పక్షమే. ఆ సరుకు ఆయనది, కష్టపడి తెచ్చుకున్నది. ఆయన కొడుకుని ఇంట్లో కట్టేశాడు, తల్లి విప్పింది. చివరికి విషయం బిషప్ గుయిదో ముందుకి వెళ్ళింది. 1206లో ఊరి జనం అందరి ముందు డబ్బు తిరిగి ఇచ్చేసి, ఒంటి మీది బట్టలు కూడా విప్పి తండ్రి ముందు పెట్టేశాడు ఫ్రాన్సిస్. ఇకమీదట తనకి తండ్రి అంటే పరలోకంలో ఉన్న ఆ తండ్రే అని ప్రకటించాడు. బిషప్ తన అంగీ కప్పి ఒళ్ళు దాచాడు. చాలా పెయింటింగుల్లో ఈ దృశ్యం కనిపిస్తుంది, అందంగా ఉంటుంది. ఆ పెయింటింగుల్లో నేను మాత్రం పియెత్రో ముఖమే చూస్తూ ఉంటాను. తర్వాత కూడా కొడుకు దారిలో ఎదురైతే ఆ తండ్రి శపించేవాడట. అప్పుడు ఫ్రాన్సిస్ ఒక ముసలి బిచ్చగాణ్ణి బతిమాలి తన వెంట తిప్పుకున్నాడు. తండ్రి శపించినప్పుడల్లా ఆయన తండ్రి స్థానంలో నిలబడి దీవించాలి. ఆ మాట తనని ఎంత కోసేస్తోందో దాచుకోకుండా పక్కవాడి సాయం అడిగాడన్నమాట.

ఇంతవరకు అతను అతను అంటూ వచ్చాను. ఇక్కడి నుంచి ఆయన అనాలనిపిస్తోంది.

ఆయన రాళ్ళు అడుక్కొచ్చి ఆ చర్చి గోడలు స్వయంగా కట్టారు. ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుతిన్నారు. మన మాధుకరం లాంటిదే అనుకోండి. మొదటిసారి ఆ గిన్నెలో కలగాపులగంగా పడ్డది చూసి కడుపులో తిప్పిందని ఆయన జీవిత కథల్లో ఉంది. మెల్లగా మనుషులు చేరారు. 1209లో 11 మందితో రోమ్ నడిచివెళ్తే పోప్ మూడో ఇన్నోసెంట్ నోటిమాటగా అనుమతిచ్చారు. తర్వాత 1212లో అసిసి ప్రభువుల కుటుంబంలోని క్లారా కూడా ఈ దారిలోకి వచ్చింది. ఆమె కథ విడిగా చెప్పుకోవాల్సినంత పెద్దది.

తమ గుంపుకి ఆయన పెట్టిన పేరు చూడండి. అప్పట్లో అసిసిలో జనం రెండు వర్గాలు, పెద్దలు, చిన్నవాళ్ళు. అవి రాజకీయంగా కూడా వాడుకలో ఉన్న మాటలే. ఫ్రాన్సిస్ తమని చిన్న సోదరులు అన్నారు. వాళ్ళలో బాధ్యత తీసుకున్నవాణ్ణి పెద్ద అని పిలవకూడదు, సేవకుడు అనే అర్థమున్న మాటతోనే పిలవాలి. గుర్రమెక్కకూడదు, డబ్బు ముట్టకూడదు. వాళ్ళ నివాసమైన పోర్సియుంకులా అనే చిన్న గుడిని బెనెడిక్ట్ సంప్రదాయం సన్యాసులు ఉచితంగానే ఇచ్చినా, ఆయన ఏటా వాళ్ళకి ఒక బుట్ట చేపలు అద్దెగా పంపేవారు. అది మనది కాదు అన్న సంగతి ఎప్పటికీ మర్చిపోకూడదని.

క్రైస్తవంలో ఈ వినయానికి మూలం ఎక్కడుందో ఒక్క మాట చెప్తాను. వాళ్ళ నమ్మకంలో దేవుడే కిందికి దిగి పశువుల పాకలో పసిబిడ్డగా పుట్టాడు, శిష్యుల కాళ్ళు కడిగాడు, శిలువ మీద అవమానంగా చనిపోయాడు. అంటే దేవుణ్ణి చేరాలంటే పైకి ఎక్కక్కర్లేదు, ఆయన దిగిన చోటికి దిగాలి. కుచేలుడి కాళ్ళు కడిగిన కృష్ణుణ్ణి, అర్జునుడి గుర్రాల పగ్గాలు పట్టుకున్న పార్థసారథిని తెలిసినవాళ్ళం కాబట్టి మనకి ఇది అర్థం కాని విషయమేం కాదు. సిద్ధాంతాలు ఒకటేనని నేను అనడం లేదు, తేడాలు చాలా ఉన్నాయి. ఆ చిత్రం మాత్రం మనకి తెలిసిందే.

ఇక ఆయన మృదుత్వం. పక్షులకి ప్రవచనం చెప్పిన కథ, గుబ్బియో తోడేలు కథ నెట్‌లో ఎక్కడైనా దొరుకుతాయి. తోడేలు కథ 14వ శతాబ్దపు పుస్తకం ద్వారా బాగా ప్రచారంలోకి వచ్చింది. నాకు నచ్చినవి చిన్నవి. ఒక అర్ధరాత్రి అందరూ పడుకుని ఉండగా ఒక సోదరుడు, చచ్చిపోతున్నాను, ఆకలితో చచ్చిపోతున్నాను అని కేక పెట్టాడు. ఉపవాసాలు మితిమీరి చేశాడు పాపం. ఫ్రాన్సిస్ ఏం చేశారు? దీపం వెలిగించి, ఉన్నదేదో వడ్డింపించి, అతనొక్కడే తింటే సిగ్గుపడతాడని తానూ కూర్చుని తిన్నారు, మిగతావాళ్ళనీ తినమన్నారు. ఉపవాసం పోతే పోయింది. ఇంకోసారి, జబ్బుతో నీరసించిపోయిన ఒకాయన ద్రాక్షపళ్ళు తింటే తేరుకుంటాడనిపించింది. అడగడానికి అతనికి మొహమాటం. పొద్దున్నే ఎవరూ లేవకముందు అతన్ని తోటకి తీసుకెళ్ళి, ముందు తాను కోసుకు తినడం మొదలుపెట్టారు. ఎదుటివాడి అవసరం తీర్చడం చాలామంది చేస్తారు. అది తీరేటప్పుడు వాడి తల వంగకుండా చూడటానికి ఇంకేదో కావాలి.

తన విషయానికొస్తే లెక్క తిరగబడేది. ఆయనకి కడుపులో జబ్బు, చలికి తట్టుకోలేకపోయేవారు. గార్డియన్‌గా ఉన్న సోదరుడు ఒక నక్క తోలు ముక్క సంపాదించి, అంగీ లోపల కడుపు దగ్గర కుట్టించుకోమన్నాడు. ఆయన ఒక షరతు పెట్టారు. లోపల ఎంత ముక్క కుడితే బయట కూడా అంతే ముక్క కుట్టాలి, నేను లోపల వెచ్చగా బొచ్చు వేసుకున్నానని చూసినవాళ్ళందరికీ తెలియాలి అని. అలాగే కుట్టించుకుని తిరిగారు. నా దృష్టిలో ఆయన జీవితం మొత్తంలో వినయం అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చూపించే సంఘటన లేదు. తనని తాను తిట్టుకోవడం వినయం కాదు. లోపలిదొకటి, బయట కనిపించేది ఇంకొకటి లేకుండా చూసుకోవడం. మన ఇన్‌స్టా ప్రొఫైళ్ళకి బయట బొచ్చు కుట్టించుకునే ఆప్షన్ ఉంటే ఎలా ఉంటుందో!

అలాగని ఆయనకి కోపం రాదనుకోకండి. పోర్సియుంకులా దగ్గర సోదరుల సమావేశానికి అసిసి ఊరివాళ్ళు ప్రేమగా ఒక రాతి భవనం కట్టేశారు. తిరిగొచ్చి చూసిన ఆయన నిచ్చెన వేసుకుని పైకెక్కి పెంకులు పీకి కింద పడెయ్యడం మొదలుపెట్టారు. ఇది ఊరి ఆస్తి, మీది కాదు అని సైనికులు చెప్పాక గానీ దిగలేదు. తనని ఎవరైనా ఏమన్నా అంటే లేని కోపం, పేదరికం మాట తప్పితే వచ్చేది.

1219లో క్రూసేడ్ యుద్ధం జరుగుతుండగా ఈజిప్టులోని దమియెట్టా చేరి, ఇల్లుమినాటో అనే సోదరుణ్ణి వెంటబెట్టుకుని ఆయుధం లేకుండా శత్రు శిబిరంలోకి నడిచి, సుల్తాన్ అల్ కామిల్‌ని కలిశారు. దాచకుండా చెప్తున్నా, ఆయన వెళ్ళింది తన మతం చెప్పడానికే. సుల్తాన్ మారలేదు. కానీ మర్యాదగా విని, క్షేమంగా వెనక్కి పంపాడు. ఆ తర్వాత 1221లో రాసిన నియమావళిలో, ముస్లింల మధ్యకి వెళ్ళే సోదరులు ఉండగలిగే రెండు పద్ధతులు చెప్పారు. మొదటిది, వాదాలు, తగాదాలు పెట్టుకోకుండా అందరికీ లోబడి ఉంటూ, తాము క్రైస్తవులమని మాత్రం దాచకుండా బతకడం. దైవం ఇష్టపడుతున్నాడని అనిపిస్తే ప్రబోధించడం రెండోది. మతమార్పిడి విషయంలో మనకి ఉండే అభ్యంతరాలు నాకూ ఉన్నాయి. అయినా క్రూసేడ్ల నడి మధ్యలో ఒక మనిషి ఈ వరసలో రాశాడంటే ఆగి చూడాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆయన ఈజిప్టులో ఉండగా ఇటలీలో సంఘం చెయ్యిజారింది. 12 మందితో మొదలైంది వేలల్లోకి వెళ్ళింది. చదువుకున్నవాళ్ళు, పేరున్న కుటుంబాలవాళ్ళు చేరారు. వాళ్ళకి ఇళ్ళు కావాలి, పుస్తకాలు కావాలి, పక్కా నియమాలు కావాలి. ఆయన లేనప్పుడు బాధ్యతలు చూసినవాళ్ళు కొత్త ఉపవాస నియమాలు పెట్టేశారు. మన భాషలో చెప్పాలంటే, ఒక్కడు రాసిన చిన్న ప్రోగ్రామ్ పెద్ద ప్రొడక్ట్ అయింది, కొత్త టీమ్ వచ్చింది, మొదట రాసినవాడి ఉద్దేశం ఇప్పుడు అందరికీ అడ్డంగా ఉంది.

వాళ్ళ వాదనలో కూడా న్యాయం ఉంది, అది ఒప్పుకోవాలి. 12 మంది అడుక్కుని బతకొచ్చు, వేలమంది ఎలా బతుకుతారు? ఆయన తిరిగొచ్చారు. తన పేరు చెప్పి రెండుగా చీల్చడం ఆయనకి చిటికెలో పని, జనం మొత్తం ఆయన వెనకే ఉన్నారు. 1220లో సమావేశంలో పదవి వదిలేసి, పీటర్ కతానీ అనే తన పాత సహచరుడికి అప్పగించి, అందరి ముందు అతనికి తలవంచారు. నెలల్లోనే పీటర్ చనిపోతే ఎలియాస్ వచ్చాడు. ఫ్రాన్సిస్ తనకంటూ ఒక గార్డియన్‌ని పెట్టమని అడిగి తీసుకున్నారు, నిన్న చేరిన కుర్రాణ్ణి పెట్టినా అతని మాటే వింటానన్నారు. 1221లో రాసిన నియమావళిని సవరించి కుదించాల్సి వచ్చింది. 1223లో పోప్ మూడో హొనోరియస్ ఆమోదించినది ఆ కుదించినదే. ఆయనకి ప్రాణమైన కొన్ని మాటలు అందులో లేవు.

నొప్పి లేదని కాదు. ఆయన లియో అనే సోదరుడికి చెప్పిన ఒక చిన్న కథ ఉంది. పరమానందం అంటే ఏమిటని. పారిస్ పండితులంతా మన సంఘంలో చేరారనీ, రాజులు చేరారనీ కబురొస్తే అది కాదట. తాను రోగాలు నయం చేసినా అది కాదట. మరి ఏది? గడ్డకట్టే చలిరాత్రి, బురదలో తడిసి, కాళ్ళు కోసుకుపోయి తమ సొంత నివాసానికి వచ్చి తలుపు కొడితే, లోపలి సోదరుడు ఎవరని అడిగి, పేరు విని కూడా, పో, నువ్వు చదువురానివాడివి, మేమిప్పుడు చాలామందిమి, గొప్పవాళ్ళం, నీతో మాకు పనిలేదు అని తరిమేస్తే, అప్పుడు తన మనసు చెదరకుండా ఉంటే అదే పరమానందమట. నీతి కథలా చదివితే ఇదేదో అతిశయోక్తిలా ఉంటుంది. ఆ తలుపు ఎవరిదో తెలిశాక చదివితే గొంతు పట్టేస్తుంది. దెబ్బ తగలదని ఆయన అనడం లేదు. ఆ దెబ్బకి తాను ఏమైపోతాడన్నదే ఆయన చూసుకుంటున్నది.

1223 క్రిస్మస్‌కి గ్రెచ్చో అనే కొండ ఊళ్ళో గడ్డి, ఎద్దు, గాడిద తెప్పించి పశువుల పాక ఏర్పాటు చేయించారు. పెద్ద పెద్ద భవనాల వైపు వెళ్తున్న సంఘానికి ఆయన మాటలతో ఏమీ చెప్పలేదు, గడ్డి చూపించారు. 1224 సెప్టెంబర్‌లో లా వెర్నా కొండ మీద ఉపవాసంలో ఉండగా యేసు గాయాల గుర్తులు ఆయన చేతులకి, పాదాలకి, పక్కటెముకల దగ్గర వచ్చాయని భక్తులు నమ్ముతారు. వాటిని ఆయన గుడ్డలు చుట్టి, బతికినంతకాలం దాచారు. నక్క తోలు బయట కుట్టించుకున్న మనిషే ఈయన.

చివరి రెండేళ్ళు శరీరం పూర్తిగా దెబ్బతింది. కళ్ళు దాదాపు పోయాయి. వైద్యం పేరుతో కాలిన ఇనుముతో కణతల మీద వాత పెట్టినప్పుడు, నిప్పుని సోదరా అని పిలిచి కాస్త మెల్లగా చూసుకోమని అడిగారట. 1225లో సాన్ దమియానోలో ఎలుకలు తిరిగే గుడిసెలో పడుకుని, ఎండ చూడలేని కళ్ళతో, సూర్యుణ్ణి అన్నగా, భూమిని తల్లిగా, అక్కగా పిలుస్తూ ఊరి భాషలోనే గీతం కట్టారు. ఇటాలియన్ సాహిత్యంలో తొలి కవితల్లో అదొకటి. అదే సమయంలో అసిసి బిషప్‌కీ నగర పాలకుడికీ మాటల్లేకుండా పోతే, క్షమించేవాళ్ళ గురించి ఒక చరణం కొత్తగా చేర్చి, సోదరుల్ని పంపి ఇద్దరి ముందూ పాడించారు. ఇద్దరూ రాజీపడ్డారు.

అన్నేళ్ళు తన శరీరాన్ని గాడిద సోదరుడు అని పిలుస్తూ బరువులు మోయించారు. చివర్లో ఆ గాడిదకి క్షమాపణ చెప్పుకున్నారు, నిన్ను బాగా కష్టపెట్టాను అని. అందరి విషయంలో మెత్తగా ఉన్న మనిషి ఒక్కరి విషయంలో మాత్రం ఉండలేదని ఆయనే గ్రహించారు.

1226 అక్టోబర్ మొదట్లో పోర్సియుంకులాలో మంచాన ఉన్నప్పుడు రోమ్‌లోని జాకోపా అనే స్నేహితురాలికి కబురు పంపించబోయారు. రోమ్‌లో జబ్బుగా ఉన్నప్పుడు ఆవిడ చేసిపెట్టే బాదం స్వీటు తీసుకురమ్మని. కబురు వెళ్ళకముందే ఆవిడ అన్నీ పట్టుకుని గుమ్మంలో ఉంది. ఆడవాళ్ళు లోపలికి రాకూడదని నియమం. ఆ నియమం ఈ సోదరుడికి వర్తించదన్నారు ఫ్రాన్సిస్. కాస్త నోట్లో పెట్టుకోగలిగారు, అంతే.

తనని నేల మీద పడుకోబెట్టమన్నారు, బట్టలు లేకుండా. గార్డియన్ ఒక అంగీ తెచ్చి, ఇది నీది కాదు, నీకు అప్పుగా ఇస్తున్నాను, వేసుకోవాలని ఆజ్ఞాపిస్తున్నాను అన్నాడు. ఆయన సంతోషంగా వేసుకున్నారు. అక్టోబర్ 3 సాయంత్రం వెళ్ళిపోయారు. 45 ఏళ్ళు కూడా నిండాయో లేదో.

రెండేళ్ళు తిరక్కుండానే, 1228 జూలైలో ఆయన్ని సెయింట్‌గా ప్రకటించారు. ఆ వెంటనే అసిసిలో పెద్ద బసిలికాకి శంకుస్థాపన జరిగింది, పని చూసుకున్నది ఎలియాసే. ఏటా బుట్ట చేపల అద్దె కట్టిన ఆ చిన్న గుడి ఇప్పుడు ఇంకో భారీ బసిలికా లోపల, పాలరాతి నేల మధ్యలో ఉంది. ఎప్పుడైనా అసిసి వెళ్తే ఆయన వేసుకున్న అంగీ కూడా చూడొచ్చు. ముతక బట్ట, మాసిన రంగు, అతుకులన్నీ బయటికే కనిపిస్తూ ఉంటాయి.